మళ్లీ ప్రయత్నించండి

ఖాసింబీ బొటనవేలు
నా మిషన్‌కి ఆనదు.
తడిగుడ్డతో తుడుస్తాను, వేలు మారుస్తాను,
చెయ్యి మారుస్తాను.
మళ్లీ ప్రయత్నించండి,
అంటుంది గాజు కింది ఎర్ర లైటు.

ముప్పై ఒక్కేళ్లు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో
రాతిని పొరలుగా చీల్చి, అంచులు అరగదీసి
ఏ ఊరి పిల్లలో అ ఆలు దిద్దుకునేందుకు
నున్నగా చేసి పంపింది.
పలకతో పాటే వేళ్లూ నునుపెక్కాయి.
ఆ గీతలన్నీ బూడిదరంగు పొడిలో కలిసి
ఏ లారీ వెనకో కంభం రోడ్డున పోయాయి.

అక్షరాలు రావు. అంకెలొచ్చు.
వంద పలకల కట్టలో ఒకటి తక్కువైతే
ఎత్తి చూసి చెప్పేదట.

మిషన్ పోల్చుకోని మనిషిని
వాడెవడో ఫోన్లో పోల్చుకున్నాడు.
"షేక్ ఖాసింబీ గారేనా?"
గారు!
"నన్నట్టా పిలిచిన మొగోడు వాడొక్కడే అమ్మాయా"
అంది తర్వాతెప్పుడో,
సిగ్గుపడ్డట్టే నవ్వి.

"వేలిముద్ర పడక ఇబ్బంది పడుతున్నారు కదమ్మా,
ఎండలో నిలబడుతున్నారు కదా,
సరిచేస్తాం. ఆరంకెలొస్తాయి, చదవండి."

ఆ "కదమ్మా" నేననాల్సింది.
నేనన్నది,
జరుగు పెద్దమ్మా, వెనక జనముండారు.

ఫోను చెవిన పెడితే అంకెలు కనబడవని
గూట్లోంచి అంచు విరిగిన పలక దించి
దాని మీదికి ఎక్కించుకుంది.
ఒక్కొక్కటీ చదివింది,
ఏనాడూ బడిలో కూర్చోని మనిషి
మొదటిసారి పాఠం ఒప్పజెబుతున్నట్టు.
"కరెక్టమ్మా" అన్నాడు అయ్యవారు.

నలభై ఒక్క వేల ఆరువందలు.
మోకాలి కోసం దాచింది.

పదమూడు రోజులు నోరు విప్పలేదు.
కూతురికి తెలిస్తే ఫోన్ లాక్కుంటుంది.
వీధికి తెలిస్తే మతి పోయిందంటారు.
డబ్బు పారేసుకున్నోళ్లకి జాలి దొరుకుతుంది ఊళ్లో,
మోసపోయినోళ్లకి సలహాలే.

పద్నాలుగో రోజు వచ్చి వేలు పెట్టింది.
భయానికి చెమట పట్టిందేమో,
మొదటిసారికే పచ్చలైటు.
ముద్ర పడింది పెద్దమ్మా! అని నేనే అరిచాను,
చప్పట్లు కొట్టబోయాను కూడా.
తెర మీద ముప్పై రెండు రూపాయలు.

1930కి చేశాను.
"గంటలో చేసుంటే" అన్నదొక గొంతు.
"పద్నాలుగు రోజులా" అన్నది మళ్లీ.
స్టేషన్లో రైటరు తలెత్తకుండా అడిగాడు,
వాడు అడగ్గానే ఎట్టా చెప్పావే ముసిల్దానా అని.
"వాడు మర్యాదగా అడిగినాడు నాయనా."
అంతే అంది.
అతను పెన్ను ఆపి, కుర్చీ జరిపాడు.

ఇప్పుడు నా బల్ల పక్కన ఒక స్టూలుంది.
మోకాలు చాపుకుని కూర్చుంటుంది, పనున్నా లేకున్నా.
ఎవరి ఫోన్ మోగినా
స్పీకర్లో పెట్టమంటుంది.
నిన్న గాలెమ్మకొచ్చింది, ఈ రాత్రికే కరెంటు కోసేస్తామని.
ఫోన్ అందుకుని, ఒళ్లో పలక పెట్టుకుని
"రాసుకుంటుండా అబ్బయ్యా.
ముందు నీ పేరు చెప్పు. మీ అమ్మ పేరు చెప్పు.
ఆమెకి ఫోనుందా?
ఆమెక్కూడా ఎవురన్నా ఇట్టా చేస్తుండారా?"

అవతల కాసేపు ఊపిరి.
తర్వాత అదీ లేదు.

జనం నవ్వారు.
ఆమె నవ్వలేదు.
కొంగుతో పలక తుడిచింది,
ఆ ఆరంకెలున్న వైపు కాదు,
రెండో వైపు.

"ఖాసింబీ గారూ, వేలు పెట్టండి" అన్నాను.
నా నోటికి అదింకా కొత్త.

మళ్లీ ప్రయత్నించండి,
అంది మిషన్.